పుష్పలత కొలతకి చేసిన సీటు

తెనాలిలో జ్ఞానానందం ఇల్లెక్కడ అని అడిగితే ఎవరూ చెప్పలేరు. ర్యాలీ ఆనందం ఇల్లు అని అడిగి చూడండి, రిక్షావాడు మారు ప్రశ్న వేయకుండా తీసుకెళ్ళి గుమ్మం ముందు దింపుతాడు. ఆ పేరు గౌరవంతో పెట్టారో వేళాకోళానికి పెట్టారో పెట్టినవాళ్ళకే తెలియాలి. ఆయన మాత్రం ఆ పిలుపు వినపడితే తల తిప్పి కూడా చూడడు. పాపం, జీవితంలో వెళ్ళింది ఒకే ఒక్క ర్యాలీకి, అదీ సగం దారిలో ఆగిపోయింది. దానికి ఆయన అంతగా బాధపడలేదు. బాధంతా ర్యాలీకి ముందు సోమవారం నాడు తను చేసిన పనికి.

ఆయన రైసు మిల్లులో ఫిట్టరు. అమ్మా నాన్నా చిన్నప్పుడే పోతే అక్క కృపమ్మ పెంచింది. పెంచడమంటే మాటలా! ఆసుపత్రిలో ఆయా పని చేస్తూ, ఎవరైనా పెళ్ళి మాటెత్తితే “ముందు వాణ్ణి నిలబడనీండి” అని తోసేస్తూ, చివరికి పెళ్ళే లేకుండా ఉండిపోయింది. తమ్ముడి ఐటీఐ చదువు, ఉద్యోగం, పెళ్ళి అన్నీ ఆవిడ చేతులమీదుగా జరిగినవే. అందుకే మిల్లు ఓనరుతో సైతం ఎదురు వాదించే జ్ఞానానందానికి అక్క ముందు మాత్రం నోరు పెగలదు.

భార్య పుష్పలత బాపట్లలో లెక్కల టీచరు. రోజూ పొద్దున్నే ప్యాసింజరు బండెక్కి వెళ్ళి, దీపాలు పెట్టేవేళకి తిరిగొచ్చేది. పొట్టి మనిషి. మాట తక్కువ. కోపం వచ్చిందో లేదో కూడా చప్పున తెలియదు, అదే ఆవిడతో వచ్చిన చిక్కు.

ఎనభై నాలుగులో అనుకుంటాను, మిల్లు పనిమీద ఒంగోలు వెళ్ళి వస్తూ జ్ఞానానందం మద్రాసు రోడ్డు మీద ఒక పెట్రోలు బంకు దగ్గర టీ తాగుతున్నాడు. ఇంతలో ఒళ్ళంతా బురద పూసుకున్న కార్లు ఒకదాని వెనక ఒకటి వచ్చి ఆగాయి. తలుపుల మీద అంకెలు, ముందు నాలుగేసి లైట్లు, లోపల ఇద్దరేసి మనుషులు. ఒకడు తోలేవాడు, పక్కన ఇంకొకడు ఒళ్ళో పుస్తకం, చేతిలో గడియారం పెట్టుకుని కూర్చున్నాడు. అడిగి తెలుసుకున్నాడు. ఇది ఒట్టి పరుగు పందెం కాదట. ఫలానా చోటికి ఫలానా సమయానికే చేరాలట, ముందు చేరినా తప్పే, ఆలస్యమైనా తప్పే. దారి చదివి మలుపులు చెప్పడం, వేగం లెక్క కట్టడం పక్క సీటు మనిషి పని. ఆయన్ని నావిగేటరంటారు. ఆ రోజు జ్ఞానానందం టీ చల్లారిపోయింది, ఎక్కాల్సిన బస్సు కూడా వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చి భార్యకి చెప్పాడు. ఆవిడ బియ్యం ఏరుతూ అంతా విన్నది.

“పక్కనుండే ఆయన లెక్కలు వేస్తాడా అండీ?”

“ఆఁ.”

“కారు పోతా ఉంటేనా?”

“పోతా ఉంటేనే.”

“అయితే నేను వేస్తా,” అంది.

అదీ మొదలు. పిచ్చి ఆనందానిదే అని ఊరంతా అనుకుంది గానీ, ఆ పిచ్చికి ‘సరే’ అన్నది మాత్రం పుష్పలతే. ఈ సంగతి ఎవరికీ తెలియదు.

కారు రేపల్లెలో దొరికింది. అక్కడ చేపల వ్యాపారం చేసే ముత్యాలరావు ఆయనకి స్నేహితుడు. నిజాంపట్నం నుంచి ఐసు పెట్టెలు తెచ్చే అతని వ్యాన్లు చెడిపోతే బాగుచేసేది జ్ఞానానందమే. కులాలు వేరైనా ‘బావా’ అంటే ‘బావా’ అనుకునేవాళ్ళు. ఒక ముసలి డాక్టరు గారి షెడ్డులో పాత ఫియటు పడుందని అతనే కబురు చేశాడు. వెళ్ళి చూస్తే టైర్లు నేలకి అంటుకుపోయాయి, వెనక సీట్లో ఒక కోడి పొదుగు మీదుంది. డాక్టరు గారి భార్య పిల్లలు లేచేదాకా కారు కదపడానికి వీల్లేదంది. కోడిపిల్లలు లేచాకే కారు తెనాలి వచ్చింది, ముత్యాలరావు వ్యానుకి మోకు కట్టి లాగితే.

పెరట్లో తాటాకు పందిరేసి దానికింద కారుని ఎముకల దాకా విప్పేశాడు. మిల్లు నుంచి రాగానే అన్నం కూడా తినకుండా దానికిందే దూరేవాడు. ఇంజను దించి సిలిండర్లు చెక్కించాడు. స్టీరింగు పక్కనుండే గేరు కడ్డీని తీసి నేలమీదికి మార్చాడు. గతుకుల్లో కుంగకుండా వెనక కమాను కట్టలకి ఒక్కో బద్ద ఎక్కువ వేశాడు. మిల్లులో పారేసిన ఇనప రేకుని ఇంజను కింద కవచంలా బిగించాడు, రాళ్ళు తగలకుండా. కారు బోల్తా పడినా మనిషి నలగకుండా బోరింగు గొట్టాలు వంచి లోపల పంజరం అతికాడు. వెనక సీటూ, తివాచీలూ, తలుపుల లోపలి అట్టలూ అన్నీ బయటికి పోయాయి. చుట్టుపక్కలవాళ్ళు గోడమీంచి తొంగిచూసి, “ఏంటి ఆనందం, బాగుచేస్తన్నావా, పాడుచేస్తన్నావా?” అని నవ్విపోయేవాళ్ళు.

పుష్పలత ఊరికే చూస్తూ కూర్చోలేదు. మిల్లు బెల్టుల గుడ్డ తెప్పించి, దబ్బనంతో భుజాల మీదుగా వచ్చే పట్టీలు కుట్టింది. కొబ్బరి పీచు కూరి రెండు సీట్లు చేసింది. పక్క సీటులో ఆవిడ కూర్చుంటే ఎదురుగా రోడ్డు కనపడటం లేదని, జ్ఞానానందం ఆ సీటుకింద చెక్క వేసి ఎత్తు పెంచాడు. కాళ్ళకి ఆన్చుకోవడానికి ఒక బద్ద, ఒళ్ళో పుస్తకం జారిపోకుండా ఒక పలక. మోచెయ్యి ఎక్కడికొస్తుంది, తల ఎక్కడికొస్తుంది అన్నీ సుద్దముక్కతో గీసి మరీ చేశాడు. టైలరు కూడా అంత శ్రద్ధగా కొలత తీసుకోడు.

శనివారం మధ్యాహ్నాలు ఇద్దరూ సాధనకి బయల్దేరేవాళ్ళు. వేమూరు, భట్టిప్రోలు మీదుగా రేపల్లె, అక్కణ్ణించి చెరుకుపల్లి, కర్లపాలెం మీదుగా బాపట్ల, పొన్నూరు దాటి మళ్ళీ తెనాలి. ఆవిడ ముందే దారంతా గీసుకునేది. “వంతెన దాటగానే కుడి… గేదెలుంటాయి, నెమ్మది… అర నిమిషం ముందున్నాం, తగ్గించండి,” అని ఒకే గొంతుతో చెబుతూ ఉంటే ఆయనకి రోడ్డు చూడకుండా కూడా తోలగలననిపించేది. పెళ్ళయిన కొత్తలో కూడా ఇద్దరూ అన్ని కబుర్లు చెప్పుకోలేదు. అవి కబుర్లు కావు, కుడి ఎడమలే. అయినా ఆ ఏడాదంతా ఆ ఇల్లు కళకళలాడింది.

ఒక్క లోటు. మన డెల్టాలో ఎత్తంటే కాలవ మీద వంతెన, పల్లమంటే ఆ వంతెన దిగడం. అరచెయ్యంత చదునైన నేల మీద పుట్టి పెరిగినవాళ్ళం, మనకి కొండ సంగతేం తెలుసు? వంతెన నెత్తికెక్కగానే గేరు తీసేసి, పెట్రోలు కలిసొస్తుందని బండిని ఊరికే దొర్లనివ్వడం ఇక్కడ ప్రతి డ్రైవరుకీ అలవాటు. జ్ఞానానందానికీ అంతే. మద్రాసు నుంచి ర్యాలీ కాయితాలు వచ్చినప్పుడు పుష్పలత అందులో రెండోరోజు దారి చూసి అడిగింది.

“ఇక్కడ ఘాట్ రోడ్డని ఉందండీ. మనమెప్పుడూ చూళ్ళేదు గదా, ఎట్టా ఉంటదో.”

“ఏముంటది, పెద్ద వంతెన అనుకో.”

“అట్టా కాదండీ. లారీ స్టాండులో ఎవర్నన్నా అడుగుదాం. కొండ దిగేటప్పుడు ఏం చేస్తారో కనుక్కుందాం.”

“సరేలే, వెళ్ళేముందు అడుగుదాం,” అన్నాడు.

ఎనభై ఏడు జనవరిలో కారు తయారైంది. ర్యాలీ నిబంధన ప్రకారం తలుపు మీద ఇద్దరి పేర్లూ, పక్కన రక్తం గ్రూపులూ రాయించాలి, ఏదైనా జరిగితే ఆసుపత్రిలో వెతుక్కోకుండా. పెయింటరు మస్తాన్‌రావు అందంగా రాశాడు. జ్ఞానానందం, ఓ పాజిటివ్. పుష్పలత, బి పాజిటివ్. ఆదివారం ఆరాధన అయ్యాక కారుని చర్చి ఆవరణలోకి తెచ్చారు. కొత్త బండైనా పాత బండైనా ప్రయాణానికి ముందు పాస్టరు గారు ప్రార్థన చేయడం అక్కడి ఆనవాయితీ. ప్రార్థన బాగానే జరిగింది. కళ్ళు తెరిచాక జనం తలుపు చదివారు. అంతే.

“ఏంటి ఆనందం, కారుకి ఆసుపత్రి చీటీ కట్టావా?” అని ఒకరు నవ్వారు. “టీచరమ్మ ప్యాంటు తొడిగి టోపీ పెట్టుకుంటదంటగా,” అని ఇంకొకరు అందుకున్నారు. ఆ నవ్వులు ఆడవాళ్ళ వైపు పాకాయి. కృపమ్మ మొహం మాడిపోయింది.

సాయంత్రం పుష్పలత స్త్రీల సమాజం కూటానికి వెళ్ళిన వేళ చూసుకుని ఆవిడ తమ్ముడింటికొచ్చింది.

“ఒరే, ఊరూరా తిరిగే బండి మీద ఇంటి ఆడదాని పేరేంట్రా? పక్కన రక్తం గ్రూపేంటి?”

“అది రూలక్కా. ప్రమాదం ఏమన్నా జరిగితే…”

“జరిగిద్దని తెలిసే తీసకపోతన్నావా? పెళ్ళయి ఇన్నేళ్ళాయె, కడుపు పండలా. ఆ గతుకుల్లో దాన్ని ఎగరేసుకుంటా తిరుగుతావా? దానికేమన్నా అయితే వాళ్ళమ్మకి నేనేం మొహం చూపిచ్చను?”

జ్ఞానానందం రెంచీ చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు. కృపమ్మ పైట చెంగుతో కళ్ళొత్తుకుంది.

“ఆనందం, నిన్నెప్పుడన్నా ఏదన్నా అడిగానా?”

ఆ మాటతో ఆయన పని అయిపోయింది. నిజంగానే ఆవిడ ఏనాడూ ఏదీ అడగలేదు. “సర్లే అక్కా,” అన్నాడు.

ఆవిడది దుర్మార్గం కాదు, ప్రేమే. అక్క మాట వినడం కూడా తప్పేం కాదు. తప్పు ఆ తర్వాతది. ఆ రాత్రి పుష్పలత ఇంటికొచ్చింది, అన్నాలు తిన్నారు, ప్రార్థన చేసుకున్నారు, పడుకున్నారు. ఆయన ఒక్కముక్క చెప్పలేదు. ఓరి నాయనా, ఒక్క ముక్క! పొద్దున ఆవిడ రైలెక్కగానే వెళ్ళి మస్తాన్‌రావుని పిలుచుకొచ్చాడు.

“ఈ పేరు తీసేసి ముత్యాలరావు అని రాయి. ఏబీ పాజిటివ్.”

పెయింటరు కుంచె పట్టుకుని ఆయన వంక చూశాడు. “టీచరు గారికి చెప్పారా అండీ?”

“చెప్తాలే. నువ్వు రాయి.”

చెబుదామనే సాయంత్రం స్టేషనుకి ఎదురెళ్ళాడు. బండి దిగిన పుష్పలత మొహం వెలిగిపోతోంది. బాపట్లలో కొన్న కొత్త పెన్సిళ్ళు, కాయితాలు గాలికి లేవకుండా పట్టుకునే క్లిప్పు సంచిలోంచి తీసి చూపించింది. టీచర్లందరూ వంతులేసుకుని తన క్లాసులు చూస్తామన్నారట, పిల్లలు చప్పట్లు కొట్టారట. ఎప్పుడూ అంత మాట్లాడని మనిషి దారంతా మాట్లాడుతూనే ఉంది. ఆయన ఊఁ కొడుతూ నడిచాడు. ఇంటి మలుపు తిరిగాక చెబుదామనుకున్నాడు. గేటు తీశాక చెబుదామనుకున్నాడు.

ఆవిడ తిన్నగా పందిరి కిందికి వెళ్ళింది. తలుపు చదివింది. ముత్యాలరావు అనే అక్షరాల మీద వేలు పెట్టి చూసింది, వేలికి రంగంటుకుంది. పెరటి గట్టు మీదున్న కిరసనాయిలు గుడ్డతో ఆ వేలు నిదానంగా తుడుచుకుంది.

“ముత్యాలరావు అన్నయ్యకి దగ్గరివి సరిగ్గా కనపడవు గదండీ. కళ్ళజోడు మర్చిపోకుండా తెచ్చుకోమనండి,” అంది.

అరిచినా బాగుండేది. ఏడ్చినా, పుట్టింటికి పోతానన్నా, ఆయన ఆవిడ కాళ్ళు పట్టుకునైనా ఏదో ఒకటి చేసేవాడు. ఆవిడ లోపలికెళ్ళి పొయ్యి వెలిగించింది.

ఆ వారమంతా ముత్యాలరావు రోజూ రేపల్లె నుంచి వచ్చి లెక్కలు నేర్చుకున్నాడు. “చెల్లెమ్మా, నాకు చేపల లెక్క తప్ప ఇంకేం రాదమ్మా,” అని అతను సిగ్గుతో చచ్చిపోతుంటే, “అదీ లెక్కే గదా అన్నయ్యా, వస్తదిలే,” అంటూ వెనకబడిన పిల్లాడికి చెప్పినట్టు ఓపిగ్గా చెప్పింది. కొత్త పెన్సిళ్ళు చెక్కి అతని జేబులో పెట్టింది. ఆ హడావిడిలో లారీ స్టాండు సంగతి జ్ఞానానందానికి గుర్తురాలేదు. గుర్తుచేసే మనిషి ఇప్పుడు కార్లో లేదు.

మొదటిరోజు మద్రాసు దాటి మైదానంలో బ్రహ్మాండంగా వెళ్ళారు. రెండోరోజు కొండ మొదలైంది. ముత్యాలరావు ఆజానుబాహువు. పుష్పలత ఎత్తుకి లేపిన ఆ సీటులో అతని తల పైగొట్టానికి తగులుతోంది. ఏడాది పట్టి చేసిన సీటు, వారంలో దించడానికి ఆయనకి చేతులు రాలేదు. హెల్మెట్టు పెట్టుకున్నా ప్రతి గతుక్కీ ఠంగుమని కొట్టుకుని, పైకెక్కేసరికి మెడ పట్టేసింది. తల వంచి పుస్తకం చదవలేకపోయాడు. ‘దిగుడు, వరస మలుపులు, జాగ్రత్త’ అని రాసున్న పేజీ అతని ఒళ్ళోనే ఉంది.

కొండ నెత్తి మీద జ్ఞానానందం అలవాటుగా గేరు తీసేశాడు.

కారు దొర్లింది. మొదటి మలుపులో బ్రేకు పట్టింది, రెండోదాన్లో పట్టింది, ఆ తర్వాత కాలిన వాసన మొదలైంది. పెడలు మెత్తబడి నేలకంటింది. గేరు వేయబోతే కరకరమంది గానీ పడలేదు. ఒక పక్క లోయ. “బావా!” అని ముత్యాలరావు కేక పెట్టాడు. జ్ఞానానందం కారుని కొండవైపు కాలవలోకి తోసేశాడు. గొట్టాల పంజరం తట్టుకుంది, మనుషులు బతికారు. హెల్మెట్టు చీలి ముత్యాలరావు మెడ నరం బెణికింది. ఆగి సాయం చేసిన ఒక లారీ డ్రైవరు తెలుగువాడే. “ఎక్కిన గేర్లోనే దిగాలి గదా అన్నా, ఆమాత్రం తెలీదా?” అన్నాడు. ఆ ముక్క తెనాలి లారీ స్టాండులో ఎవర్నడిగినా చెప్పేవాళ్ళు.

కారు లారీ మీద ఇంటికొచ్చింది. ఆ మరుసటి ఆదివారం కృపమ్మ చర్చిలో లేచి సాక్ష్యం చెప్పింది, ఆ సీట్లో తన మరదలు ఉండాల్సిందనీ, తన నోట ఆ మాట పలికించి దేవుడే తప్పించాడనీ. అందరూ ఆమెన్ అన్నారు. ఆడవాళ్ళ వరసలో కూర్చున్న పుష్పలత కూడా అంది.

జ్ఞానానందం కారుని మళ్ళీ నిలబెట్టాడు. మరుసటేడు భార్యతో, “ఈసారి మనిద్దరం వెళ్దాం పుష్పా. అక్కకి నేను చెప్పుకుంటా. నీ పేరు మళ్ళీ రాయిస్తా,” అన్నాడు. ఆవిడ పిల్లల లెక్కల పుస్తకాలు దిద్దుతోంది. “నాకిప్పుడు కుదరదండీ,” అంది. ఆ తర్వాతేడు కూడా కుదరలేదు. సంసారం ఆగలేదు, అది వేరే సంగతి. కూతురు పుట్టింది, దానికి కృపమ్మ ఒళ్ళే ఉయ్యాలైంది. వెనక సీటు మళ్ళీ బిగించాక ప్రతి ఆదివారం కృపమ్మ ఆ కారులోనే దర్జాగా చర్చికి వెళ్ళేది. పుష్పలత మాత్రం పాపని చంకనేసుకుని, “నడిస్తే ఒంటికి మంచిది,” అంటూ నడిచి వెళ్ళేది. ఊళ్ళోవాళ్ళు ఆవిడకి కారు పడదనుకున్నారు.

తొంభై రెండు నవంబరులో వాయుగుండం పట్టి రెండు రోజులు ఎడతెరిపి లేని వాన. రైళ్ళు ఆగిపోయాయి. పుష్పలత బాపట్ల స్కూల్లో చిక్కుకుపోయిందని తెలిసి ఆయన కారేసుకుని వెళ్ళాడు. వరండాలో ఆవిడ, హెడ్‌మిస్ట్రెస్ అచ్చమ్మ గారు నిలబడి ఉన్నారు. పుష్పలత కారుని చూసింది. ఎక్కదేమోనని ఆయన తనే వంగి ముందు తలుపు గొళ్ళెం తీశాడు. ఆవిడ ముందు తలుపు తీసి, “మీరు ముందు కూర్చోండి మేడమ్,” అని, తను వెనక కూర్చుంది.

అచ్చమ్మ గారు పొన్నూరులో దిగిపోయారు. జ్ఞానానందం కారు కదపలేదు.

“ముందుకు రా పుష్పా.”

“పర్లేదండీ. ఇక్కడ బాగానే ఉంది.”

వాన అద్దం మీద దబదబా కొడుతోంది. ఐదేళ్ళుగా లోపల పెట్టుకున్నది అప్పుడు బయటపడింది. తిరిగి చూసే ధైర్యం లేక, స్టీరింగు వైపే చూస్తూ చెప్పాడు.

“తప్పంతా నాదే. అక్క ఏడిస్తే కాదనలేకపోయా. నీ చోటు ఇంకొకళ్ళకి ఇచ్చాను. నువ్వంత ఆశ పెట్టుకున్నావని తెలిసి కూడా నీ ఆశ చంపేశా. నన్ను క్షమించు పుష్పా.”

వెనకనుంచి ఆవిడ గొంతు వినపడింది. కోపం లేదు, వణుకు కూడా లేదు.

“ఆ చోటు కోసం నేనెప్పుడూ బాధపళ్ళేదండీ. వదినగారు మిమ్మల్ని పెంచారు, ఆవిడ మాట కాదంటే మీరు తట్టుకోలేరని నాకు తెలీదా? ఆ రాత్రి నాకు చెప్పుంటే నేనే దిగేదాన్ని. నవ్వుతా దిగేదాన్ని. ఆ పేరు మీరు తీయిచ్చకముందే నేనే గుడ్డ తీసుకుని తుడిచేసేదాన్ని.” ఒళ్ళో సంచి సర్దుకుంటూ అంది. “మీరు పెయింటరుకి చెప్పారు గానీ, నాకు చెప్పలేదు.”

జ్ఞానానందం ఇన్నేళ్ళూ ర్యాలీకి తీసుకెళ్ళనందుకు ఆవిడకి కోపమనుకున్నాడు. మళ్ళీ తీసుకెళ్తానంటే తీరిపోతుందనుకున్నాడు. ఆవిడకి కావలసింది కారులో చోటు కాదనీ, ఒక మాట అనీ, అది ఆ ఆదివారం రాత్రి కంచాల ముందు ఎంతో తేలిగ్గా అయిపోయేదనీ ఇప్పుడు తెలిసింది. ఇక ఇప్పుడు ఆ మాట చెప్పడానికి లేదు. ఆయన స్టీరింగు మీద తల పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

పుష్పలత ఆయన్ని ఏడవనిచ్చింది. తర్వాత, “చీకటి పడతంది, ఇంట్లో పాప ఎదురుచూస్తా ఉంటది. పోనీండి,” అంది.

ఆయన కళ్ళు తుడుచుకుని గేరు వేశాడు. తెనాలి దాకా ఆయన పక్క సీటు ఖాళీగానే వచ్చింది.